కెమెరాకి లైన్ క్లియర్

బిలాస్‌పూర్ రైల్వే పేటల్లో ఏ వస్తువు మొరాయించినా నెపం ముందు ఓవర్‌హెడ్ వైరు మీదికి పోతుంది. టీవీలో గీతలొచ్చినా అదే, ఫోన్‌లో మాట తెగినా అదే. పట్టాల నెత్తిన 25,000 వోల్టులు పరిగెడుతుంటే చిన్నాచితకా వస్తువులు బతుకుతాయా అంటారు. ఇప్పుడు వీధి గుమ్మానికి బిగించిన కెమెరా వై-ఫైకి అంటుకోకపోయినా అదే మాట. ఆ వైరులో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, వై-ఫై తరంగం 240 కోట్ల సార్లు. ఈ రెండింటికీ పేచీ పెట్టడం కష్టం. కానీ ఊరంతా రైలు ఉద్యోగులే అయినచోట తప్పు రైలుదే కావడంలో ఒక సొంతతనం ఉంది, దాన్ని ఊరికే వదులుకోరు.

తోర్వాలో ఉండే మా బాబాయి మాత్రం ఈ మాట ఒప్పుకోడు. ఆయన సిగ్నల్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైన మనిషి. ఇక్కడ ఆయనలాంటి తెలుగువాళ్లు చాలామందే. మా తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జనం ఇటు రావడానికి పెద్ద వింత కారణమేమీ లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అటు వాల్తేరునీ ఇటు బిలాస్‌పూర్‌నీ ఒకే సంస్థ కింద పెట్టింది. 1931లో రాయ్‌పూర్ - విజయనగరం లైను పూర్తయ్యాక దారీ దగ్గరైంది. తర్వాత సౌత్ ఈస్టర్న్ వచ్చినా వాల్తేరు, ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ ఒకే జోన్‌లో ఉండేవి, ట్రాన్స్‌ఫర్ మీద ఎక్కడ పడినా ఏదో ఒక క్వార్టరులో ఆవకాయ వాసన తగిలేది. 2003లో బిలాస్‌పూర్ సొంతంగా జోన్ హెడ్‌క్వార్టర్స్ అయ్యింది. ఆ కొత్త జోన్ వెలుగులో మావాళ్లు చాలామంది క్వార్టర్లు ఖాళీ చేసి తోర్వా, హేమూనగర్‌లలో సొంత ఇళ్లు కట్టుకున్నారు.

కెమెరాల అవసరం పుట్టింది ఆ సొంత ఇళ్లలోనే. క్వార్టర్ల లైనులో ఉన్నప్పుడు వేసవికి తాళం వేసి ఊరెళితే ఎవరికీ బెంగ ఉండేది కాదు. రాత్రి రెండింటికి కూడా ఎవరో ఒకరు డ్యూటీ దిగి టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ వచ్చేవారు, ఇంకెవరో కాల్‌బాయ్ తలుపు తడితే ఒళ్లు విరుచుకుంటూ బయల్దేరేవారు. అంత రాకపోకల మధ్య దొంగకి సందేది? ఇప్పుడు నాలుగు పక్కలా గోడ, ముందు గేటు, గేటుకి లోపల తాళం. గోడ కట్టుకున్నవాడికి గోడ అవతల ఏముందో తెలియదు కనుక కెమెరా కొనుక్కోవాలి.

బాబాయి వాళ్లు విశాఖ బండెక్కి ఊళ్లో పెళ్లికి పోవాలి. పూణెలో ఉన్న తమ్ముడు కెమెరా పంపాడు. తెల్లటి గుండు, దానికో కన్ను. అడాప్టర్ పెట్టగానే తల అటూ ఇటూ తిప్పి, ఎర్రదీపం మిటకరించి, ఒక ఆడగొంతు ఇంగ్లీషులో కనెక్షన్ కోసం ఎదురుచూస్తున్నానంది. ఫోన్‌లో యాప్ చెప్పినట్టు వై-ఫై పేరు, పాస్‌వర్డ్ కొడితే గళ్లగళ్ల క్యూఆర్ బొమ్మ వచ్చింది. ఆ బొమ్మని కెమెరా కంటికి జానెడు దూరంలో పట్టుకోవాలి. పిన్ని హారతి పళ్లెం పట్టినట్టు ఫోన్ పట్టుకుంది. టింగుమంది. దీపం నీలంగా మారబోయినట్టే మారి మళ్లీ ఎరుపు. కనెక్షన్ విఫలమైందని అదే గొంతు, అంతే మర్యాదగా.

"ఏవండీ, వెనక్కి పంపేద్దామండీ" అంది పిన్ని.

"ఉండవే. ఫాల్ట్ ఎక్కడుందో తెలీకుండా మాల్ వాపసు చేస్తారేటి?" అన్నాడు బాబాయి.

ఆయన పద్ధతి నాకు నచ్చింది. యాప్‌లో పేజీలకి పేజీలు సలహాలున్నాయి, ఒక్కటీ చదవలేదు. కెమెరాని గుమ్మం మీంచి దింపి తెచ్చి రౌటర్ పక్కన బల్ల మీద పెట్టాడు. అక్కడ కలిస్తే తప్పు గోడలది, దూరానిది. అక్కడా కలవకపోతే తప్పు సెట్టింగులదో కరెంటుదో. కేబుల్ మైళ్ల పొడవున ఎక్కడ తెగిందో వెతికేవాడు మధ్యలో పట్టుకుని సగం సగం చేసుకుంటూ పోతాడు, ఇదీ అంతే. బల్ల మీదా కలవలేదు. తమ్ముడు పంపిన పొడుగాటి యూఎస్‌బీ తీగ తీసేసి డబ్బాలో వచ్చిన పొట్టి తీగ పెట్టించాడు. సన్నటి పొడుగు తీగలో వోల్టేజీ దారిలోనే కొంత పోతుంది. దీపం వెలగడానికి సరిపడా మిగులుతుంది గానీ రేడియో మాట్లాడ్డానికి చాలకపోవచ్చు. అయినా ఎరుపే.

మిగిలింది రౌటర్. ఇలాంటి ఇంటి కెమెరాల్లో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే వినిపిస్తుంది, 5 వినిపించదు. 2.4 చిప్పు చవక, గోడలు దాటడంలోనూ అదే మెరుగు. మన దేశంలో 2005లోనే లైసెన్సు లేకుండా వాడుకోమని వదిలేసిన బ్యాండు అది. కొత్త రౌటర్లు రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి, ఎవరిని ఎటు పంపాలో తామే నిర్ణయిస్తాయి. ఫోన్ 5 మీద కూర్చుంటే కొన్ని యాప్‌లు కెమెరానీ అక్కడికే రమ్మంటాయి. పైగా ఇంటర్నెట్ పెట్టిన కుర్రాడు సెక్యూరిటీని కొత్త డబ్ల్యూపీఏ3 ఒక్కదానికే బిగించి పోయాడు. పాత చిప్పులకి అది అర్థం కాదు. రౌటర్ పేజీలోకి వెళ్లి 2.4కి వేరే పేరు పెట్టి, సెక్యూరిటీ డబ్ల్యూపీఏ2కి దించాను. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం బాబాయి పక్కన నిలబడి పైకి చదివించుకున్నాడు.

అప్పుడే ఆయనకి డబ్ల్యూపీఏ2 గురించి చెప్పాను. కెమెరా, రౌటర్ నాలుగు కబుర్లు ఇచ్చిపుచ్చుకుంటాయి. పాస్‌వర్డ్ మాత్రం గాలిలోకి ఎప్పుడూ రాదు, అది తెలిసినవాళ్లే చేయగల లెక్క ఒకటి చేసి రెండు పక్కలా చూపించుకుంటాయి. లెక్క తేడా వస్తే తలుపు తీయవు, తేడా ఎక్కడో కూడా చెప్పవు.

"బ్లాక్ ఇన్‌స్ట్రుమెంటేరా అది. అవతలి స్టేషను లైన్ క్లియర్ ఇస్తేగానీ ఇవతలోడు బండి వదలకూడదు. ఒక పక్క ఒప్పుకుంటే చాలదు" అన్నాడు. ముఖం విప్పారింది. తెల్లగుండు ఆయన దృష్టిలో మొదటిసారి ఒక పద్ధతి గల వస్తువైంది. దీపం నీలమై నిలిచింది. గుమ్మం మీదికి ఎక్కించాం.

చాలా ఇళ్లలో కథ ఇక్కడితో అయిపోతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి రావడంతో మాకు అసలు కథ మొదలైంది. కరెంటు రాగానే కెమెరా ముందు లేస్తుంది, రౌటర్ లేవడానికి కాస్త ఎక్కువ సేపు పడుతుంది. కొన్ని కెమెరాలు కాసేపు వెతికి ఊరుకుంటాయి, మళ్లీ తట్టి లేపేదాకా ప్రయత్నించవు. ఇదీ ఆ జాతిదే. కానీ బాబాయిని కలవరపెట్టింది అది కాదు. భోజనాలయ్యాక యాప్ తెరిచి చూశాడు. వరండా కనిపిస్తోంది. తులసి కోట నీడ పొట్టిగా నేల మీద పడి ఉంది, ఎండ ఫెళ్లున కాస్తోంది. టైము రాత్రి పది. కనెక్షన్ పోయినా యాప్ చివరి బొమ్మని అట్టేపెట్టుకుని చూపిస్తోంది. ఆఫ్‌లైన్ అన్న మాట మూల బూడిదరంగులో, కళ్లజోడు లేకపోతే ఆనని అక్షరాల్లో ఉంది.

"అన్‌సేఫ్ సైడ్ ఫెయిల్యూర్!" అని కుర్చీలోంచి లేచాడు.

రైల్వేలో ఇంతకంటే పెద్ద తిట్టు లేదని తెలియాలంటే సిగ్నల్ వాళ్ల ఇంట్లో పెరగాలి. పాతకాలపు రెక్క సిగ్నల్‌కి తీగ తెగితే రెక్క కిందికి వాలదు, బరువు లాగి అడ్డంగా నిలబెడుతుంది. అడ్డంగా ఉంటే ఆగు అని అర్థం. పట్టాల సర్క్యూట్‌లో కరెంటు పోతే రిలే తన బరువుకి తనే కింద పడుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది. బండ్లు ఆలస్యమవుతాయి, పాసింజర్లు తిడతారు, తెల్లవారుజామున మెయింటైనర్‌ని లేపుతారు, కానీ ఎవరూ చావరు. పాడైన వస్తువు పాడయ్యానని చెప్పాలి, ఏమీ తెలియనప్పుడు ప్రమాదమనే చెప్పాలి. ఆ శాఖ మొత్తం ఈ ఒక్క నమ్మకం మీద నడుస్తుంది. కాపలా కోసం కొన్న వస్తువేమో ఏమీ తెలియనప్పుడు మధ్యాహ్నపు ఎండ చూపించి అంతా క్షేమం అంటోంది.

నాకూ ఆయన కోపం న్యాయమనే తోచింది. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి అమ్మే సీసీటీవీ కెమెరాలకి భద్రతా పరీక్షల సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు. బయటివాళ్లు చొరబడకుండా అది మంచిదే. దాంతో పాటు, బొమ్మ పాతదైతే తెర నిండా ఎర్రగా చూపించాలని ఒక ముక్క చేర్చి ఉంటే బాగుండేది. సిగ్నల్ వాళ్లని ఒక్కరిని పిలిచి అడిగినా చెప్పేవారు.

చేయగలిగింది చేశాం. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టాం, కరెంటు పోయినా అది పడుకోదు. కెమెరా లేచేసరికి ఎదురుగా ఉంటుంది. లోపల మెమరీ కార్డు వేశాం, లైను తెగినా రికార్డింగు ఆగదు. యాప్‌లో ఆఫ్‌లైన్ అయితే కబురు పంపే మీట ఎక్కడో అడుగున దాక్కుని ఉంటే వెతికి నొక్కాం. తాళంచెవి పక్కింటి భాభీకి ఇవ్వడం మాత్రం బాబాయి సొంత ఏర్పాటు. బొమ్మలో ఎండ కనిపించినా, నీడ కనిపించినా, రోజుకోసారి ఆవిడకి ఫోన్ చేసి అడుగుతానన్నాడు.

రౌటర్ పక్కన మేకుకి ఒక నోటుబుక్కు వేలాడుతోంది ఇప్పుడు. ఫెయిల్యూర్ రిజిస్టర్. తేదీ, పోయిన టైము, వచ్చిన టైము, కారణం, సంతకం. కారణాల గడిలో కరెంటు, ఇంటర్నెట్, ఒకచోట బల్లి. కన్ను మీదే పడుకుందట. ఇంటర్నెట్ కుర్రాణ్ని వచ్చినప్పుడల్లా సంతకం పెట్టందే బాబాయి కదలనివ్వడు. మిక్సీ కోసం రౌటర్ ప్లగ్గు తీయాలంటే పిన్ని ముందుగా, సిగ్నల్ వాళ్ల పద్ధతిలో, డిస్‌కనెక్షన్ మెమో రాసివ్వాలి. చట్నీ అయ్యాక రీకనెక్షన్ మెమో. ఆవిడ రెండూ ఒకేసారి ముందే రాసి పెట్టుకుంటోందని ఆయనకింకా తెలీదు.