సైకిలు మీద ఆమ్‌స్టర్‌డామ్

మీకు సైకిలు తొక్కడం వచ్చా? ఎప్పుడు నేర్చుకున్నారు? నేను మాత్రం రెండుసార్లు నేర్చుకున్నాను. మొదటిసారి పదేళ్ళ వయసులో, మచిలీపట్నంలో. మా అన్నయ్య సైకిలు కడ్డీ కిందనుంచి కాలు పెట్టి తొక్కేదాన్ని. పన్నెండో ఏడు రాగానే, "ఆడపిల్లకు సైకిలేమిటి?" అని ఇంట్లో మాన్పించారు. రెండవసారి నలభై ఎనిమిదేళ్ళ వయసులో, నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో. ఆ సంగతి మీకు చెబుతాను.

2016 వేసవిలో, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గర రెండు నెలలు ఉందామని వెళ్ళాను. తను పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని వచ్చేది కాదు. నాకు ఆ ఊరి భాష రాదు, దారి తెలియదు. కిటికీ దగ్గర కూర్చుని వీధి చూసేదాన్ని. పసిపిల్లలను ముందు పెట్టెలో కూర్చోబెట్టుకున్న తల్లులు, తల నెరిసిన బామ్మలు, కోటు వేసుకున్న ఉద్యోగులు, అందరూ సైకిళ్ళ మీదే పోతున్నారు. వారం రోజులు చూశాక, "నాకూ ఒక సైకిలు అద్దెకు తీసుకోవే" అన్నాను.

"పడతావేమోనమ్మా!"

"పడితే లేస్తాను."

నిజంగానే పడ్డాను. ఆ సైకిలుకు చేతి బ్రేకు లేదు. పెడలును వెనక్కి తొక్కితే ఆగుతుంది. నేను పాత అలవాటు కొద్దీ పెడలును వెనక్కి తిప్పాను. సైకిలు గభాలున ఆగింది. నేను వోండెల్ పార్కు గడ్డిలో ఉన్నాను. నాలుగు రోజుల్లో చిన్నప్పటి పట్టు తిరిగి వచ్చింది. కుడివైపునే పోవాలని, తిరిగేముందు చెయ్యి చాపాలని, ట్రాము పట్టాలను అడ్డంగా దాటకపోతే చక్రం ఇరుక్కుంటుందని నేర్చుకున్నాను.

అక్కడ చాలాచోట్ల సైకిళ్ళకు ఎర్రని ప్రత్యేక దారులు, వేరే సిగ్నళ్ళు ఉంటాయి. అవి వాటంతట అవి రాలేదు. కార్లు పెరిగాక, 1971లో ఆ దేశంలో మూడు వేలమందికి పైగా రోడ్డు ప్రమాదాలలో చనిపోయారు. వారిలో నాలుగు వందలకు పైగా పిల్లలే. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ఉద్యమించారు. 1973లో చమురు కొరత వచ్చి, కొన్ని ఆదివారాలు కార్లు ఆపేశారు. ఆ తరువాతనే సైకిలు దారులు విరివిగా వేశారు.

ఇక అసలు పరీక్ష ఒంటరిగా వెళ్ళడం. ఆల్బర్ట్ కైప్ అనే వీధి సంతలో దొరికే మిఠాయి తేవాలని బయలుదేరాను. ఆ ఊళ్ళో పెద్ద కాలువలు ఒకదాని వెనుక ఒకటి అర్ధచంద్రాకారంలో ఉంటాయి. లోపలినుంచి వెలుపలికి సింగెల్, హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్. గ్రాఖ్ట్ అంటే కాలువ. ఈ వరుసను మా అమ్మాయి కాగితం మీద రాసి ఇచ్చింది. చివరి మూడింటినీ తవ్వింది 17వ శతాబ్దంలో. ఆ శతాబ్దంలోనే డచ్చివారు మా బందరులో స్థావరం పెట్టుకుని నూలుబట్టల వర్తకం చేశారు.

వంతెనలన్నీ ఒకేలా కనిపించి దారి తప్పాను. గుండె దడదడలాడింది. సైకిలు దిగి, ఇంటి గోడ మీది పేరును ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. హేరెన్‌గ్రాఖ్ట్! కాగితం తీసి చూశాను. అంటే ఇంకా కాలువలు దాటి వెలుపలికి పోవాలి. ఎవరినీ అడగకుండానే దారి దొరికింది. ఆ నాలుగు అక్షరాలు రాకపోతే నా గతి ఏమయ్యేది?

సంతలో దుకాణదారు రెండు పలుచని, గళ్ళు గళ్ళుగా కాల్చిన బిళ్ళల మధ్య వేడి పాకం పూసి ఇచ్చాడు. దాని పేరు స్ట్రోప్‌వాఫెల్. గౌడా అనే ఊళ్ళో పుట్టిన మిఠాయి. కొరికితే పాకం తీగలా సాగింది. పక్క కొట్లో గుంటల పెనం మీద పొఫర్చెస్ పోస్తున్నారు. అచ్చం మన గుంట పొంగణాలే! పైన వెన్న, పంచదార పొడి వేశారు.

సాయంత్రం వేడి టీ కప్పు మీద స్ట్రోప్‌వాఫెల్‌ను మూతలా పెట్టి అమ్మాయికి ఇచ్చాను. ఆవిరికి లోపలి పాకం మెత్తబడుతుంది.

"ఎవరు తెచ్చారమ్మా?"

"నేనే. సైకిలు మీద."

ఇప్పుడు బందరులో కూరగాయలకు సైకిలు మీదే వెళ్తున్నాను. మొదట్లో వీధిలో కొందరు నవ్వారు. మొన్న పక్కింటి కోడలు వచ్చి, "అత్తయ్యగారూ, నాకూ నేర్పుతారా?" అని అడిగింది.

మీరు కూడా మధ్యలో మానేసిన పని ఏదైనా ఉందా? ఒకసారి ఆలోచించండి.