ఓడ ఆగదు, చిన్నోడు కదలడు

మా కరీంనగర్‌కు సముద్రం లేదు. మానేరు డ్యాం ఉంది. వానాకాలం కట్ట మీద నిలబడి, అవతలి ఒడ్డు ఆనకపోతే ఇదే మన సముద్రమనుకుని ఇంటికొస్తాం. అలాంటి ఊర్లో పుట్టిన మా బిడ్డ డల్లాస్‌లో కాపురముంటూ ఒక మార్చి సెలవుల్లో గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కింది. వెంట అల్లుడు, రెండున్నరేళ్ల చిన్నోడు, ఎనిమిది నెలల బుజ్జిది. ఆరు నెలలు నిండని పసిపిల్లలను చాలా ఓడలు ఎక్కనివ్వవట. బుజ్జిది ఆ గండం గట్టెక్కింది.

ఆ ఓడ మెక్సికోలోని కోజుమెల్ దీవి దగ్గర ఒక పగలు ఆగుతుంది. పొద్దున దిగి, ఊరు చూసి, సాయంత్రం లోపల మళ్లీ ఎక్కాలి. ఆ ఒక్క పగటి కోసం మా బిడ్డ నెల రోజులు కాగితాలు నింపింది. శాన్ గెర్వాసియోలో మాయన్ల నాటి శిథిలాలు, తర్వాత బీచ్, తర్వాత బజారు. తిరిగొచ్చాక వాట్సాప్‌లో మూడు వందల ఫొటోలు పంపింది. అన్నీ చూశాను. శిథిలాల ముందు చిన్నోడు అల్లుడి భుజం మీద నిద్ర. సముద్రం ముందు నిద్ర. బజార్లో మాత్రం మెలకువగా ఉన్నాడు, నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు.

"ఏం జేయాలె బాపూ, ఓడ మనకోసం ఆగదు" అంది ఫోన్లో. "ఓడోళ్లు పెట్టిన బస్సుల పోతే లేటయినా ఆగుతరు. మనమే టాక్సీ మాట్లాడుకుని పోతే మాత్రం టైం కాంగనే ఇడిసిపెట్టి పోతరు. అండ్ల కొన్ని రేవులల్ల ఓడ టైం వేరు, ఊరి టైం వేరు. ఫోన్ల ఊరి టైమే చూపిస్తది. దాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు."

నాకు నవ్వొచ్చింది. ఈ చట్టం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా వాడకట్టు వాళ్లు చందాలేసుకుని ఆర్టీసీ స్పెషల్ బస్సు మాట్లాడేవాళ్లు. వేములవాడ, కొండగట్టు, ధర్మపురి, అన్నీ ఒక్క రోజులోనే. వేములవాడలో రెండు గంటలు. ఆ రెండు గంటల్లో ధర్మగుండంలో స్నానం, పిల్లల పుట్టువెంట్రుకలు, కోడె మొక్కు, రాజన్న దర్శనం. అంతలో డ్రైవరు హారన్ కొట్టేవాడు. మొదటి హారన్‌కు ఆడవాళ్లు తడి జుట్టు కొప్పు చుట్టుకునేవాళ్లు. రెండో హారన్‌కు పిల్లలంతా ఒక్కసారే "ఒంటికి" అనేవాళ్లు. మూడో హారన్‌కు లెక్కపెడితే ఒకరు తక్కువయ్యేవాళ్లు. ఓడకూ మా బస్సుకూ తేడా ఒక్కటే. మా బస్సు ఆగేది. తక్కువైన మనిషి ఎప్పుడూ డ్రైవరుకు బావో, ఇంకెవరికో మేనమామో అయ్యుండేవాడు.

ఆ డిసెంబరులో బిడ్డ, అల్లుడు పిల్లలతో వచ్చారు. చిన్నోడికి మూడు నిండాయి, బాసరలో అక్షరాభ్యాసం చేయించాలి. మా బిడ్డ మళ్లీ కాగితం తీసింది. పొద్దున ఐదింటికి బయలుదేరి కొండగట్టు. పదింటికి బాసర. ఒంటిగంటకు నిర్మల్, బొమ్మలు. మూడింటికి కుంతాల జలపాతం. రాత్రికి ఇల్లు. నాలుగు రేవులు, ఒక్క పగలు.

మా ఇంటామె ఆ కాగితాన్ని అద్దాలు పెట్టుకుని మరీ చదివింది. "అంత మంచిగనే ఉన్నది బిడ్డా. ఇండ్ల చిన్నోని నిద్ర ఏడ రాసినవ్?" అంది.

ఎక్కడా రాయలేదు.

ఐదింటి ప్రయాణం ఏడింటికి మొదలైంది. చలి. ఆలస్యానికి కారణాలు రెండు. ఒకటి, బుజ్జిదాని ఎడమకాలి బూటు. రెండు, విమానంలో మోసుకొచ్చిన పిల్లల సీటు. దాన్ని మన కార్లో బిగించాలంటే వెనకసీటు బెల్టు కావాలి. ఆ బెల్టు కారు కొన్ననాడే సీటు కవరు కిందికి పోయింది. అల్లుడు కవరు విప్పి, బెల్టు తీసి, దుమ్ము దులిపి బిగించేసరికి పొద్దెక్కింది. ఆ పొద్దుటి పనుల్లో పనికొచ్చిన పని అదొక్కటే అని ఇప్పుడనిపిస్తుంది.

కొండగట్టు మలుపు వచ్చేసరికి పిల్లలిద్దరూ నిద్ర. లేపి కొండ ఎక్కిద్దామా అంటే, అక్కడి కోతులు చేతిలో బిస్కెట్ ఉన్న పిల్లవాడిని దూరం నుంచే పసిగడతాయి. కింది నుంచే దండం పెట్టుకున్నాం. అంజన్న ఏమీ అనుకోడు. చిన్నప్పుడు సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన పిల్లవాడే ఆయన.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్. దారి పొడుగునా పసుపు చేలు. చిన్నోడు మూడుసార్లు దూప అన్నాడు, నాలుగుసార్లు ఒంటికి అన్నాడు. ప్రతిసారీ కారు ఆగింది. బాసర చేరేసరికి పన్నెండు.

అక్షరాభ్యాస మండపంలో వరసగా తల్లిదండ్రులు, ఒళ్లో పిల్లలు, ముందు పలకలు. అయ్యగారు చేయి పట్టుకుని రాయించబోతే మావాడు బలపం విసిరికొట్టాడు. అది రెండు ముక్కలైంది. "మంచిదే, ఇప్పుడు రెండు బలపాలు" అని అయ్యగారు పెద్ద ముక్కతో పని కానిచ్చారు. అమ్మమ్మ అమ్మవారి పసుపు నాలుక మీద రాస్తే తుపుక్కున ఉమ్మేశాడు.

తర్వాత గోదావరి ఘాట్‌కు దిగాం. కాగితం ప్రకారం అక్కడ పది నిమిషాలు. మెట్ల చివర కాస్త ఇసుక పేరుకుని ఉంది. చిన్నోడు అక్కడ కూర్చున్నాడు. పిడికెడు తీస్తాడు, పోస్తాడు, మళ్లీ తీస్తాడు. వ్యాసుడు రోజూ గోదావరిలో మునిగి మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి పోస్తే ఇక్కడి ముగ్గురమ్మల మూర్తులయ్యాయని, వ్యాసపురమే బాసర అయిందని స్థలపురాణం. ఆయనను ఎవరూ తొందరపెట్టి ఉండరు. మా బిడ్డ గడియారం చూసింది, కాగితం చూసింది, వాణ్ణి చూసింది. చివరికి కాగితాన్ని సంచిలో పెట్టి తానూ మెట్టు మీద కూర్చుంది. గంట దాటింది. ఆ రోజు మొత్తంలో వాడు ఏడవని గంట అది.

బాసర దాటి భైంసా వైపు పోతుంటే పిల్లలిద్దరూ చిరాకు పడటం మొదలుపెట్టారు. ఒక పత్తిచేను పక్కన చెట్టు చూసి కారు ఆపించింది మా ఇంటామె. సద్ది విప్పింది. పిల్లలకు పెరుగన్నం, మాకు సర్వపిండి. తర్వాత సంచిలోంచి పాత నూలు చీర తీసి కొమ్మకు ఉయ్యాల కట్టింది. పక్క కొమ్మకు అప్పటికే ఇంకో చీర వేలాడుతోంది, అందులో ఇంకెవరి బిడ్డో నిద్రపోతోంది. తల్లి చేన్లో పత్తి ఏరుతోంది. నీళ్లు తాగడానికి వచ్చి, మా బిడ్డ ఫోన్లో టైం చూడటం గమనించినట్టుంది, "లేపకుండ్రి అక్కా, పండనియ్యుండ్రి. లేపితే మీకే కష్టం" అని వెళ్లింది.

పత్తి ఏరే కాలంలో ఆదిలాబాద్ పల్లెల్లో తల్లులు పనికి వచ్చాక మొదట చెట్టు చూసుకుంటారు. ఉయ్యాల కట్టాకే పని. ఏ సాలు ముందు ఏరాలో, ఎంతసేపటికి ఒడ్డుకు రావాలో ఆ ఉయ్యాలను బట్టే. మా బిడ్డ నెల రోజులు వెతికిన ఉపాయం ఆ కొమ్మకు వేలాడుతోంది. మనం ముందు ఊళ్లు రాసుకుని, వాటి మధ్య సందుల్లో పిల్లల నిద్ర ఇరికిస్తాం. రాయవలసింది ముందు నిద్ర, తర్వాత బువ్వ. మిగిలిన చోట పట్టినంతే ఊరు.

నిర్మల్ చేరేసరికి నాలుగు దాటింది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలు. తేలికైన పొణికి కర్రతో చెక్కి, రంపపు పొట్టు, చింతగింజల పిండి కలిపిన లప్పంతో అతుకులు పూడ్చి, రంగులు వేస్తారు. సీతాఫలం చూస్తే కొరకాలనిపిస్తుంది. బుజ్జిది అదే పని చేయబోయింది. అద్దాల బీరువాలో పెట్టుకోవాల్సిన బొమ్మలవి, పళ్లు వస్తున్న పిల్లలకు కావు. చిన్నోడికి మాత్రం ఒక చిలుక కొన్నాం. వాడు దారిలో దాని అట్టపెట్టెతో ఆడుకున్నాడు.

కుంతాల మాటేమిటని అల్లుడు అడిగాడు. నిర్మల్ నుంచి మహబూబ్ ఘాట్ ఎక్కి నేరడిగొండ పోవాలి, అక్కణ్ణుంచి పక్కదారి. కడెం నది 45 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. జలపాతం దగ్గరికి నాలుగు వందల పైచిలుకు మెట్లు. దిగేటప్పుడు పిల్లలు నడుస్తారు, ఎక్కేటప్పుడు మనం మోస్తాం. పైగా చీకటి పడుతోంది, మడుగులు లోతు. అల్లుడు ఇద్దరు పిల్లల బరువూ మనసులో కూడినట్టున్నాడు. "వచ్చేసారి చూద్దాం మామయ్యా" అన్నాడు. సోన్ వంతెన మీద గోదావరి దాటి ఇంటిదారి పట్టాం. నాలుగు రేవుల్లో రెండు దక్కాయి. ఆ రాత్రి ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. పిల్లలతో చేసిన ప్రయాణం తర్వాత అది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మనవాళ్లకు ఓడలు దూరమేమీ కాదు. 2022 జూన్‌లో విశాఖ నుంచి కూడా విహార నౌక బయలుదేరింది. రేపు మీరూ చంటిపిల్లలతో ఎక్కవచ్చు. అప్పుడు మా ఇంటామె మాట ఒక్కటి గుర్తుంచుకోండి. రేవుకొక్కటే చూడండి, అదీ ఓడకు దగ్గరిది. మధ్యాహ్నం నిద్రకు వెనక్కి వచ్చేయండి. సంచిలో ఒక పాత నూలు చీర వేసుకోండి, ఉయ్యాల కట్టే చెట్టు దొరక్కపోయినా ఎండకు నీడవుతుంది.

మరుసటి మార్చిలో మా వాళ్లు మళ్లీ అదే ఓడ ఎక్కి అదే దీవిలో దిగారు. శిథిలాలకు పోలేదు, బజారుకు పోలేదు. రేవుకు దగ్గర్లో ఇసుక చూసుకుని కూర్చున్నారు, మధ్యాహ్నం భోజనానికి ఓడెక్కారు. బిడ్డ ఈసారి నాలుగే ఫొటోలు పంపింది. నాలుగింటిలోనూ చిన్నోడు మెలకువగా ఉన్నాడు.