పాత బండి అమ్మేముందు రిపేరు చేయించాలా, వద్దా?

మన ఇళ్ళల్లో డబ్బు అవసరం పడితే ముందు అమ్మకానికి పెట్టేది బండినే. మా ఇంట్లో ఈమధ్య అదే జరిగింది. లెక్క ఎలా వేసుకున్నామో రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

మాది పాడేరు వైపు కొండమీద ఊరు. నాన్నది 2013 మోడల్ నూరు సీసీ బండి. ఊళ్ళో ఎవరికి బాగోకపోయినా అదే అంబులెన్సు. చెల్లి నర్సింగ్‌లో చేరాలి కాబట్టి అమ్మక తప్పలేదు. బండికి ఉన్న జబ్బులు: సైలెన్సర్‌లోంచి నీలం పొగ, బ్రేకులు సరిగా పట్టవు, చైను వదులు, సెల్ఫ్ లేదు, సీటు చిరిగింది.

బండ్లు కొని అమ్మే ఒకాయన ఉన్నది ఉన్నట్టు 14,000 ఇస్తానన్నాడు. మెకానిక్ ఏమో, "తమ్ముడూ, అన్నీ చేయిస్తే 9,500 అవుద్ది, 20,000 పలుకుద్ది" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. కానీ 20,000లో 9,500 తీసేస్తే మిగిలేది 10,500. అంటే రిపేరు చేయించి 3,500 పోగొట్టుకోవడమే! అందులో ఎక్కువ ఖర్చు ఇంజన్ బోరు పనిదే. పాత బండికి పెట్టిన ఆ డబ్బు ధరలో తిరిగి రాదు.

ఇంకొకాయన ఉచిత సలహా ఇచ్చాడు: "చిక్కటి ఆయిల్ పోసెయ్యండి, పది రోజులు పొగ కనపడదు." నీలం పొగ అంటే రింగులు అరిగి ఇంజన్ ఆయిల్ మండుతోందని. చిక్కటి ఆయిల్ దాన్ని కొన్నాళ్ళు దాస్తుంది గానీ బాగుచెయ్యదు. తర్వాత ఆయిల్ తగ్గిపోయి ఇంజన్ పట్టేస్తే నష్టం కొన్నవాడిది. ఆ కొన్నవాడు కూడా మనలాగే కాఫీ, మిరియాలు అమ్మి దాచుకున్న డబ్బు తెచ్చేవాడే. నాన్న ఒక్క మాటే అన్నాడు: "రేపు సంతలో ఎదురైతే మొకం ఏటి చూపిస్తాం?"

బ్రేకుల సంగతి వేరు. ఘాట్ దిగే బండి అది. ధర తగ్గించినంత మాత్రాన ప్రాణానికి సరిపోదు. అందుకే రెండు బ్రేకు షూలూ మార్పించి, చైను బిగించి, శుభ్రంగా కడిగించాం. అంతా కలిపి 700. పక్క ఊరి ఆయన వస్తే పొగ గురించి, సెల్ఫ్ గురించి ముందే చెప్పాం. 17,000 అడిగితే బేరమాడి 15,500 ఇచ్చారు. ఖర్చు పోను 14,800 మిగిలింది.

ఇక కాగితాలు. మనవాళ్ళు తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుని బండి ఇచ్చేస్తారు. అది చాలదు. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఓనర్ వాళ్ళే, యాక్సిడెంట్ అయితే పరిహారం బాధ్యత వాళ్ళమీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇన్సూరెన్స్ లేకపోతే ఆ మొత్తం ఇంటిమీదికే వస్తుంది. అందుకే ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టాలి. మన రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లోపు ఆర్టీఓ ఆఫీసుకి తెలపాలి. ఆర్సీ 15 ఏళ్ళకే చెల్లుతుంది, తేదీ దాటితే రెన్యువల్ ఖర్చు చూపించి ధర తగ్గించేస్తారు.

మీ ఇంట్లో అమ్మే ఆలోచన ఉంటే ముందు ఆర్సీ మీద తేదీ చూడండి, తర్వాత బ్రేకులు. సీటు కవరు సంగతి కొనేవాళ్ళు చూసుకుంటారు. మీ అనుభవాలు కూడా కింద రాయండి.