ఎస్సు ఎక్కడ పెట్టాలి?

సావనీరుకు ఒక వ్యాసం కావాలని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, యువత కర్తవ్యం మీదనో, దేశభవిష్యత్తు మీదనో రాస్తాననుకుని ఉంటారు. వాటి మీద రాసే సమర్థులు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నేను ఎత్తుకున్నది చాలా చిన్న సంగతి. ఇంగ్లీషులో ‘ఎస్’ అనే ఒక్క అక్షరం. చిన్నదే గాని, పల్లెల నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళకు పరీక్ష హాల్లో చెమటలు పట్టించేది అదే.

దాని తమాషా చూడండి. నామవాచకం పక్కన చేరితే అది బహువచనం. బాయ్ అంటే ఒక్కడు, బాయ్స్ అంటే ఎందరో. అదే ఎస్ వర్తమానకాలంలో క్రియ పక్కన చేరితే ఏకవచనం! బాయ్ ప్లేస్, బాయ్స్ ప్లే. ఇంట్లో ఒక్కటే గొంగడి ఉంటే అన్నదమ్ములిద్దరూ వంతులు వేసుకుని కప్పుకున్నట్టు, కర్త కప్పుకుంటే క్రియకు లేదు, క్రియ కప్పుకుంటే కర్తకు లేదు. మెన్, చిల్డ్రన్ లాంటి మొండిఘటాలు అసలు గొంగడే వద్దంటాయి. ఈ లెక్క ఎవరైనా ముందుగా విప్పి చెబితే సగం భయం పోతుంది. కాని చాలా చోట్ల సూత్రం బట్టీ పట్టిస్తారే తప్ప తమాషా చెప్పరు.

మాది నారాయణఖేడ్ దగ్గర సిర్గాపూర్. 1956 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాకు వచ్చింది, 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరింది. గీతలు ఎన్నిసార్లు మారినా భాషలు మాత్రం గీత దాటి తిరుగుతూనే ఉన్నాయి. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, అన్నీ మా వైపు చెవిన పడేవే. కనుక ఏకవచన బహువచనాలు ఒక్కో భాషలో ఒక్కో తీరుగా ఉంటాయని పుస్తకం తెరవకముందే మాకు తెలుసు.

విశేషణాన్నే తీసుకోండి. ఉర్దూలో ‘అచ్ఛా లడ్కా’ ఇద్దరైతే ‘అచ్ఛే లడ్కే’. మరాఠీలో ‘చాంగ్‌లా ములగా’ పలువురైతే ‘చాంగ్‌లే ములగే’. పిల్లలతో పాటు మంచితనం కూడా రూపు మార్చుకోవాల్సిందే. కన్నడంలో, తెలుగులో ఆ బాధ లేదు. మంచి పిల్లవాడు, మంచి పిల్లలు. ఒక్కడైనా పదిమందైనా ‘మంచి’ మంచిగానే ఉంటుంది. ఇంగ్లీషు ఈ విషయంలో మన పక్షమే. గుడ్ బాయ్, గుడ్ బాయ్స్. ‘గుడ్స్ బాయ్స్’ అనే పని లేదు.

కాని అక్కడా రెండు గుంతలున్నాయి. మన ‘ఈ’, ‘ఆ’ ఎంతమంది ముందైనా మారవు. ఇంగ్లీషులో ‘దిస్ బాయ్’ పదిమందైతే ‘దీస్ బాయ్స్’ కావాలి. రెండో గుంత ఇంకా లోతు. మనం ‘ఐదు రూపాయల నోటు’ అంటాం గనుక ‘ఫైవ్ రుపీస్ నోట్’ అని నోటికి వస్తుంది. ఇంగ్లీషువాడు ‘ఫైవ్ రుపీ నోట్’ అంటాడు. విశేషణంగా నిలబడిన మాటకు సాధారణంగా ఎస్ అంటించడు. పదేళ్ళ పిల్లవాడు కూడా అంతే, ‘టెన్ ఇయర్ ఓల్డ్ బాయ్’.

ఇక మనం బహువచనంలో అనేవి కొన్ని వాళ్ళకు ఏకవచనం. పాలు విరిగాయి, నీళ్ళు కారుతున్నాయి అంటాం మనం. మిల్క్, వాటర్ వాళ్ళ దృష్టిలో లెక్కకు అందని ముద్దలు గనుక ‘ఈజ్’ అంటారు. కత్తెర మనకు ఒకటి, ప్యాంటు మనకు ఒకటి. వాటి రెండు అలుగులు, రెండు కాళ్ళు లెక్కపెట్టి ‘సిజర్స్ ఆర్’, ‘ట్రౌజర్స్ ఆర్’ అంటారు వాళ్ళు. ‘అందరూ వచ్చారు’ అన్నది మనకు సహజం. వాళ్ళ ‘ఎవ్రీబడీ’ పేరుకు అందరూ, క్రియ దగ్గర ఒక్కడే.

అసలు చిక్కు మర్యాద దగ్గర వస్తుంది. మన క్రియ మనిషి స్థాయిని కూడా మోస్తుంది. మా ఇండ్లల్ల ‘నాయిన వచ్చిండు’ అంటాం. బడిలో సారును చూస్తే ‘సారు వచ్చిన్రు’ అంటాం. వచ్చింది ఒక్క మనిషే అయినా క్రియ బహువచనం. ఆడమనిషి సంగతి మరీ విచిత్రం. అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, రెండింటికీ ఒకే క్రియ. పదిమంది ఆడవాళ్ళైతే మాత్రం ‘వచ్చిన్రు’ అని మగవాళ్ళ వరుసలో కలుస్తారు. చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణంలో ఈ తేడాకు మహత్తు, అమహత్తు అనే పేర్లతో సూత్రాలు చెప్పాడు. మన పొరుగు కన్నడంలో ‘బందళు’ అని ఆడమనిషికి వేరే క్రియారూపం ఉంది.

ఇంటరులో నాతో చదివిన ఒక మిత్రుడు ఒకనాడు ‘మై ఫాదర్ ఆర్ ఇన్ ది విలేజ్’ అని రాశాడు. చెప్పే ఆయన దాన్ని పైకి చదివి ‘నీకు ఎంతమంది నాయినలురా?’ అన్నారు. క్లాసంతా నవ్వింది. నిజానికి వాడు ‘మా నాన్నగారు ఊళ్ళో ఉన్నారు’ అన్న వాక్యాన్ని తూచా తప్పకుండా ఇంగ్లీషులో పెట్టాడు. తండ్రిని ‘ఈజ్’ అంటే ‘వాడు ఉన్నాడు’ అన్నట్టే తోచింది పాపం. ఆ సంవత్సరం వాడు మళ్ళీ క్లాసులో నోరు విప్పలేదు. వాడికి ఇంగ్లీషు వ్యాకరణం రాకపోవచ్చు గాని, తెలుగు వ్యాకరణం రక్తంలో ఉంది. ‘మర్యాద ఇంగ్లీషు క్రియలో ఉండదు నాయనా, ఫాదర్ అన్న మాటలోనే ఉంది’ అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది.

పైగా ఇంగ్లీషుకు కూడా ఈ జబ్బు ఒకప్పుడు ఉండేది. ఒక్కరిని ‘దౌ’ అని, పలువురిని ‘యే’, ‘యూ’ అని పిలిచేవారు. క్రమంగా పెద్దలకు ఒక్కరైనా సరే బహువచనం మొదలైంది. చివరకు అందరికీ అదే అయిపోయి ‘దౌ’ మూలన పడింది. అందుకే నేటికీ ఒక్క మనిషితో ‘యూ ఆర్’ అంటాం, ‘యూ ఈజ్’ అనం. 18వ శతాబ్దంలో ఒక్కరిని ‘యూ వాజ్’ అనడం ఇంగ్లండులోనే వాడుకలో ఉండేది. రాబర్ట్ లౌత్ అనే పండితుడు 1762లో తన వ్యాకరణంలో అది తప్పని రాశాడు. అంటే ఆ భాషలో పుట్టినవాళ్ళకే కర్తకూ క్రియకూ పొత్తు కుదరక పండితులు దిద్దవలసి వచ్చిందన్నమాట. మనం దిగులు పడడమెందుకు?

నాకు ఇందులో ఇంకో సంతోషం కూడా ఉంది. ‘ది కలెక్టర్ కమ్స్’, ‘మై ఫాదర్ కమ్స్’. జిల్లా కలెక్టరుకూ, మోకాళ్ళ దాకా బురదతో పొలం నుంచి వచ్చే మా నాయినకూ ఇంగ్లీషు క్రియ ఒకే ఎస్ ఇచ్చింది. మన భాష ఇచ్చే గౌరవం దానికి చేతకాకపోవచ్చు గాని, మన భాష చూపే తారతమ్యం కూడా దానికి చేతకాదు. ‘ది పూర్’ అన్నప్పుడు ఎస్ లేకపోయినా పేదలందరినీ పలువురుగానే లెక్కించి ‘ఆర్’ అంటుంది.

2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు పిల్లల చేతికి అందాయి. ఆ రెండు పేజీల మధ్య ఉన్న దారం మీద నిలబడి చెప్పే సార్లు, మేడములు కావాలి. పిల్లవాడు తప్పు రాస్తే ఎర్రగీత పెట్టేముందు, ఆ తప్పు ఏ భాష నుంచి నడిచి వచ్చిందో ఒక్క క్షణం చూడాలి. మన కాలేజీలోంచి రేపు బి.ఎడ్. చేసి పల్లెలకు వెళ్ళేవాళ్ళు ఎందరో ఉన్నారు. మిత్రులారా, ‘మై ఫాదర్ ఆర్’ అని రాసిన పిల్లవాడు మీ క్లాసులో కనబడితే నవ్వకండి. వాడి తండ్రికి వాడు పెట్టిన దండం అది. దండాన్ని అట్లాగే ఉంచి, ఎస్ ఎక్కడ పెట్టాలో మెల్లగా చెప్పండి.