కొల్హాపూర్‌లో ఐదు దండీలు

కుడి భుజం పట్టేసింది. తప్పు నాదే. ఫోన్‌లో ఎవరో చేస్తుంటే చూసి, దండీల్లో కష్టమైన రకం పట్టుకున్నాను. ఛాతీని నేలవారగా ముందుకు జార్చి పైకి లేచాక, మళ్లీ అదే దారిన నేలను రాసుకుంటూ వెనక్కి రావాలి. నలభై ఆరేళ్ల వయసులో రోజుకు యాభై! పన్నెండో రోజు భుజంలో ఏదో కలుక్కుమంది. రెండు నెలలు చొక్కా తొడుక్కోవడమే వ్యాయామమైంది. నొప్పి పోయాక, దండీ తీయడం ఇంకా రోజువారీ పనిగా ఉన్న ఊరు చూడాలనిపించింది.

కడపలో రాత్రి హరిప్రియ ఎక్కాను. తిరుపతి నుంచి కొల్హాపూర్ పోయే బండి. వెంకన్నను చూసి, అమ్మవారు మహాలక్ష్మి దగ్గరికి పోతున్నవాళ్లే బోగీ నిండా. "నువ్వు కూడా దర్శనానికేనా నాయనా?" అంది కింది బెర్తు పెద్దావిడ. దండీలు నేర్చుకోడానికన్నాను. నా పొట్ట వైపు ఒకసారి చూసి ఇంకేమీ అడగలేదు. బెళగావి వచ్చేసరికి బోగీలో కన్నడం, మరాఠీ కలగలిసిపోయాయి. దిగేసరికి సాయంత్రం.

రంకాళా చెరువు, ఎర్రరస్సా, తెల్లరస్సా అనే మాంసం పులుసులు, అన్నీ చూశాను, తిన్నాను. వాటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఖాస్‌బాగ్ మైదానం దగ్గర మాత్రం చాలాసేపు నిలబడిపోయాను. రోమ్‌లో చూసిన రంగస్థలం మనసులో పెట్టుకుని శాహూ మహారాజు 1912లో కట్టించారని చెబుతారు. గుండ్రటి గిన్నె లాంటి మైదానం, నడుమ కుస్తీల గోదా. ఎక్కడ కూర్చున్నా గోదా కనిపిస్తుంది.

మర్నాడు తెల్లవారక ముందే ఒక తాలీంకు, అంటే కుస్తీ సాధన చేసే చోటికి, వెళ్లాను. చెప్పులు బయట విడిచి, హనుమంతుడి పటానికి మొక్కి లోపలికి. ఎర్రమన్నులో పసుపు, మజ్జిగ, నూనె కలుపుతారట, వంటింటి వాసనా పొలం వాసనా ఒకేసారి వచ్చాయి. కుర్రాళ్లు 'సపాటే' తీస్తున్నారు. ఒక దండీ, వెంటనే ఒక బస్కీ, ఆపకుండా. మనం బస్కీ అనేదాన్ని వాళ్లు బైఠక్ అంటారు, దండీని జోర్ అంటారు. మా బడిలో చెవులు పట్టించి గుంజీలు తీయించడం శిక్ష. ఇక్కడ దాదాపు అదే పని చేయడానికి పిల్లలు ఊళ్లు వదిలి వచ్చి ఉంటున్నారు.

వస్తాదుకు డెబ్బై దాటి ఉంటాయి. నా అతుకుల హిందీలో భుజం కథ చెప్పాను. "తీసి చూపించండి సాహెబ్" అన్నాడు. మూడు తీశానో లేదో, ఆపమన్నాడు.

మొదట మోచేతులు. నావి కోడిరెక్కల్లా పక్కలకు విచ్చుకుంటున్నాయి. తువ్వాలుతో మోచేతి మీద తట్టి, పక్కటెముకల దగ్గరికి తెమ్మన్నాడు. తరువాత నడుము. ఛాతీ ఎత్తినప్పుడు నేను నడుము విరిచి, మెడ వెనక్కి వేసి, పైకప్పు చూస్తున్నానట. "చూపు ఎదుటి గోడ మీద ఉండాలి. పిరుదులు బిగించు, ఛాతీని ముందుకు తీసుకుపో."

అసలు సంగతి తిరుగుదారిలో ఉంది. వాళ్లు వచ్చిన దారిన వెనక్కి పోవడం లేదు. ఛాతీ ఎత్తాక చేతులు తిన్నగా ఉంచే, పిరుదుల్ని వెనక్కి, పైకి లాగేస్తున్నారు. ఒంటి బరువు కాళ్ల మీదికి జారిపోతుంది, భుజానికి ఓ క్షణం ఊరట. నేను చేసిన రకంలో ఆ ఊరట లేదు. మోచేతులు వంచి, బరువు మోస్తూనే వెనక్కి తోసుకోవాలి. కుర్రాళ్లలో ఒకరిద్దరు అదీ చేస్తారు. "ఎన్నాళ్లకు మొదలుపెట్టారు?" అని అడిగితే వస్తాదు నవ్వి, "మామూలుది విసుగు పుట్టాక" అన్నాడు. నాకు మాత్రం రెండో రోజుకే విసుగు పుట్టింది.

నన్ను నేల మీద చేయనివ్వలేదు. మోకాలెత్తు అరుగు మీద చేతులు పెట్టించాడు, బరువు సగం తగ్గినట్టయింది. మణికట్టు నొప్పంటున్న ఇంకో కుర్రాడికి పట్టుకోడానికి చెక్క పిడులిచ్చాడు. లెక్క పైకే చెప్పాలి. ఎందుకో నాలుగోదానికి తెలిసింది: గొంతు పలుకుతున్నంతసేపు ఊపిరి బిగబట్టడం కుదరదు.

నాలుగో రోజున అరుగు దిగి నేల మీద తీశాను. "ఏక్, దోన్" అంటూ ఆరు వరకు వచ్చాను. "ఐదు" అన్నాడు వస్తాదు. ఆరోదాంట్లో నడుము జారిందట, అది లెక్కలోకి రాదు. యాభై తీసేవాణ్ణి ఐదు దగ్గర ఆగిపోయాను. విచిత్రం, భుజం మాత్రం చప్పుడు చేయలేదు. చేతుల వెనక కండ, పొట్ట మాత్రం మండిపోతున్నాయి.

వెళ్లేముందు గురుదక్షిణ అని ఏదో ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "హరిప్రియలోనే కదా వచ్చావు?" అన్నాడు. అవునన్నాను.

"అయితే ఈసారి తిరుపతి నుంచే ఎక్కు. లడ్డూ తీసుకురా."