పరీక్ష కోసం రాశాడట! వినండి బాబూ, వినండి!

ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది!

ద్మిత్రి షొస్తకోవిచ్ అని ఒకాయన. 1906లో పుట్టి 1975లో పోయిన రష్యన్ సంగీతకర్త. ప్రపంచమంతా ఎరిగిన మనిషి. నాకు తప్ప అందరికీ తెలుసని ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది. కానీ నేను గంతులేస్తున్నది ఆ పెద్దమనిషి గురించి కాదండీ! పదహారు నిండీ నిండకుండా, గుండ్రటి కళ్ళజోడు పెట్టుకుని, డబ్బులకు కటకటలాడుతూ రోజూ పెట్రోగ్రాడ్ సంగీత కళాశాల మెట్లెక్కుతుండే కుర్రాడి గురించి! ఆ విద్యార్థి దశలో వాడు రాసినవి మూడు విన్నాను. ఒకటి ముగ్గురు వాయించేది, ఒకటి ఎనిమిదిమంది వాయించేది, ఒకటి హాలు నిండా జనం వాయించేది. విన్నప్పటి నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు!

(అంతవాణ్ణి పట్టుకుని "వాడు" అంటావా అని కోప్పడకండి. ఆ సంగీతం విన్నాక మీరూ అలాగే అంటారు.)

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో నా పాండిత్యం నిన్నమొన్నటి దాకా గుండుసున్నా. 2025 మార్చి 8న ఇళయరాజా గారు లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో తన సింఫనీ వినిపించినప్పుడు అందరితో పాటు నేనూ తెగ మురిసిపోయాను. సింఫనీ అంటే ఏమిటో తెలియకుండానే! చాలా వయొలిన్లు ఉన్న పెద్ద పాట కాబోలు అనుకున్నా.

పాట కాదండీ బాబూ! చాలావాటిలో గొంతే ఉండదు! మాటే ఉండదు! మామూలుగా నాలుగు భాగాలుంటాయి. డెబ్భై ఎనభై మంది కూర్చుంటారు. ఎవరు ఏ క్షణాన ఏ స్వరం పలికించాలి, ఎంత మెల్లగా, ఎంత గట్టిగా, ఎక్కడ నోరు మూసుకుని కూర్చోవాలి, అన్నీ ఒక్క మనిషి ముందే కాగితం మీద రాసిపెట్టేస్తాడు. మన కచేరీలో లాగా మనోధర్మం ఊపులో ఇంకో ఆవృత్తం లాగుదామంటే కుదరదు. అంత సైన్యాన్ని తలలో పెట్టుకుని రాయాలి!

ఇక ఛాంబర్ మ్యూజిక్ అంటే అదే బుర్రతో నలుగురైదుగురికి రాసేది. ఒక గదిలో పట్టేంత మంది, తలా ఒక వంతు. బెత్తం పట్టుకుని ముందు నిలబడే కండక్టర్ ఉండడు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని వాయించుకుపోవడమే!

సరే, ఆ సింఫనీ. షొస్తకోవిచ్ మొదటి సింఫనీ. కళాశాల నుంచి పట్టా కోసం సమర్పించిన రచన! పూర్తి చేసింది 1925 జులైలో. అప్పటికి వాడికి పందొమ్మిది కూడా నిండలేదు!

ఎలా మొదలవుతుందో తెలుసా? నేనేమో ఢమఢమలాడుతూ పైకప్పు ఎగిరిపోతుందని చెవులు బిగబట్టుకుని కూర్చున్నాను. వచ్చింది ఒక్కటే ఒక్క ట్రంపెట్! అదీ మూతికి మ్యూట్ అనే బిరడా పెట్టిన ట్రంపెట్, సన్నగా, కొంటెగా, ముక్కుతో పలుకుతూ. దాని వెనకే బొంగురు బసూన్ అడ్డదిడ్డంగా దూరిపోయింది. బడి ఎగ్గొట్టిన ఇద్దరు పిల్లకాయలు గోడ చాటున గుసగుసలాడుకున్నట్టు! ఇదా సింఫనీ? ఇంత గంభీరమైన పరీక్షకి ఇంత అల్లరా?

నవ్వొచ్చేసింది నాకు! ఒక్కణ్ణే కూర్చుని నవ్వాను!

కాసేపటికి క్లారినెట్ ఒక కవాతు అందుకుంటుంది, కాస్త వంకర నడకతో. ఆ తర్వాత ఫ్లూట్ ఒక వాల్ట్జ్ పాడుతుంది, మూడేసి దెబ్బల నాట్యం, నాజూకుగా, ఎక్కడో చిన్న దిగులు అంటుకుని. అంతలోనే మళ్ళీ అల్లరి! ఏదీ ఒకచోట కుదురుగా ఉండదు. ఒక వాద్యం చటుక్కున తొంగిచూస్తుంది, మాయమవుతుంది, ఇంకోటి వస్తుంది.

ఎందుకిలా ఉందో తర్వాత తెలిసింది. అది తెలిశాక మళ్ళీ మొదటి నుంచీ వినకుండా ఉండలేకపోయాను!

వీడు సినిమా హాల్లో పియానో వాయించేవాడు! మూగ సినిమాల రోజులు కదా, తెర పక్కన చీకట్లో పియానో పెట్టుకుని ఒకడు కూర్చునేవాడు. హీరో పరిగెడితే వేళ్ళు పరిగెత్తాలి, హీరోయిన్ ఏడిస్తే వేళ్ళు ఏడవాలి. తండ్రి 1922లో పోయాడు. ఇల్లు గడవాలి. వాడికేమో క్షయ. 1923లో పియానో పట్టా పరీక్షకు మెడకు కట్టు కట్టుకుని వెళ్ళి వాయించాడు. పగలు కళాశాల, రాత్రి సినిమా హాలు. స్వీడన్ నీటిపక్షుల మీద ఏదో చిత్రం ఆడుతుంటే, వీడు పక్షి కూతలన్నీ పియానో మీద పలికిస్తూ రెచ్చిపోయాడట. హాల్లో ఈలలు, చప్పట్లు! తీరా చూస్తే పియానో వాయించేవాడు తాగొచ్చాడని జనం అనుకున్నారట! నిజమెంతో గానీ, ఆ సింఫనీ విన్నాక నేను మాత్రం నమ్మేశాను.

ఆ ఊరి సంగతి కూడా చెప్పాలి. వాడు పుట్టినప్పుడు దాని పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్. బడికెళ్ళే వయసులో పెట్రోగ్రాడ్. సింఫనీ రాసేనాటికి లెనిన్‌గ్రాడ్! ఊరు మారకుండానే మూడు ఊళ్ళలో పెరిగాడు. మధ్యలో విప్లవం, అంతర్యుద్ధం, కరువు. పదమూడో ఏట కళాశాలలో చేరాడు. పొయ్యిలో వేయడానికి కట్టెల్లేక కోట్లు విప్పకుండా పాఠాలు విన్న రోజులవి. ప్రిన్సిపల్ గ్లాజునోవ్ తానూ పెద్ద సంగీతకర్తే. ఈ బక్కపిల్లాడికి తిండి సరిపోవడం లేదని అదనపు రేషన్ కోసం పైవాళ్ళకు అర్జీలు పెట్టాడట. ఆ పెద్దాయనకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది!

ఇక ముగ్గురు వాయించేది. మొదటి పియానో ట్రియో. వయొలిన్, చెల్లో, పియానో. జబ్బు నయం కావడానికి క్రిమియాలో సముద్రపు ఒడ్డున గాస్‌ప్రా అనే ఊళ్ళో శానిటోరియానికి పంపితే, అబ్బాయిగారు అక్కడ తాత్యానా గ్లివెంకో అనే అమ్మాయిని చూసి మనసు పారేసుకున్నారు! రాసేశాడు! ఆ అమ్మాయికే అంకితం! వయసు పదహారు!

ఆగకుండా సాగే ఒకే ఒక్క భాగం. పన్నెండు, పదమూడు నిమిషాలు, అంతే. మొదట చెల్లో మూడు స్వరాలు నిట్టూరుస్తూ దిగుతుంది. పక్కపక్క మెట్ల మీద ఒక్కో అడుగూ కిందికి. అయ్యో అనుకునేలోపు వేగం, రుసరుసలు, పియానో గలాటా! ఆ గలాటా సర్దుకున్నాక చెల్లో ఒక రాగం ఎత్తుకుంటుంది చూడండీ! పొడవైన, తీయని, సిగ్గూఎగ్గూ లేని ప్రేమరాగం! ఒళ్ళు జలదరించింది! పెద్దయ్యాక అంత కటువుగా, అంత గుంభనంగా రాశాడని పేరున్న మనిషి ఇంత బాహాటంగా మనసు విప్పాడంటే నమ్మబుద్ధి కాదు. చివర్లో ఆ రాగమే మొత్తం వెలుతురై ముంచేస్తుంది.

ఈ ట్రియోని స్నేహితులతో కలిసి ఆ సినిమా హాల్లోనే, తెర మీద బొమ్మ ఆడుతుండగానే సాధన చేసేవాడని కూడా చెబుతారు. చూడ్డానికొచ్చిన వాళ్ళకి టికెట్ డబ్బులకి ఏం గిట్టిందో తెలుసా! వాడు బతికుండగా ఇది అచ్చు కాలేదు. చివరి పేజీలో పియానో వంతు కొంత దొరక్కపోతే శిష్యుడు బోరిస్ తిష్చెంకో పూరించాడు.

మళ్ళీ సింఫనీకి వద్దాం. రెండో భాగం! అసలు ఇదే, ఇదే నన్ను పడగొట్టింది!

పెద్ద చెల్లోలూ బేస్‌లూ మొదలుపెట్టబోయి తడబడతాయి. కావాలనే తడబడేలా రాశాడు! తర్వాత అందరూ ఒకటే పరుగు. ఆ పరుగులో ఉన్నట్టుండి పియానో! సింఫనీలో పియానోకి చోటు మామూలుగా ఉండదట. వీడు మాత్రం తను రోజూ రాత్రి వాయించే వాద్యాన్ని ఆర్కెస్ట్రా మధ్యలో కూర్చోబెట్టేశాడు! గలగలా మెట్లు దిగుతుంది, ఎక్కుతుంది. మధ్యలో అంతా నెమ్మదించి ఏదో పాతకాలపు పాటలాంటిది ఫ్లూట్ల మీద సాగుతుంది. ఆపైన పరుగు తిరిగొస్తుంది. ఆ పరుగూ, ఈ నెమ్మది పాటా రెండూ ఒకేసారి, ఒకదాని మీద ఒకటి! రెండూ అతుకు కనబడకుండా కలిసిపోయాయి! నేను నోరెళ్ళబెట్టి ఉన్నానా, ధన్! పియానో ఒక్కటే, మొత్తం బలంతో ఒక దెబ్బ. ధన్! ధన్! మూడు దెబ్బలు. ఆర్కెస్ట్రా మొత్తం గప్‌చుప్!

కుర్చీలో ఎగిరిపడ్డాను! మీరూ ఎగిరిపడతారు!

మూడో భాగంలో నవ్వు మాయం. ఓబో ఒంటరిగా పాడుతుంది. పందొమ్మిదేళ్ళలోపు వాడికి ఇంత బరువు ఎక్కడిది అని అడగబోయి, వాడు అప్పటికే చూసినవన్నీ గుర్తొచ్చి ఊరుకున్నాను. అది ముగియకుండానే స్నేర్ డ్రమ్ మీద సన్నటి చినుకు మొదలై, పెరిగి, పెరిగి, నాలుగో భాగాన్ని ఈడ్చుకొచ్చేస్తుంది. అక్కడ హోరు ఆకాశానికంటాక ఒక్కసారిగా అంతా ఆగుతుంది. మిగిలింది టింపనీ, ఆ పెద్ద రాగి డోళ్ళు. ఒకే పలుకు మూడుసార్లు పలుకుతాయి, గట్టిగా మొదలై తగ్గుతూ. డోళ్ళకు ఒంటరిగా మాట్లాడే అవకాశం! ఎవరిస్తారండీ అలాంటిది? పరీక్షలో ఎవరు తెగిస్తారు?

తెగువ అంటే గుర్తొచ్చింది. మొదట్లో కొన్ని స్వరాలు నచ్చక గ్లాజునోవ్ తన పద్ధతిలో దిద్దించాడట. ఎదురు చెప్పలేక కుర్రాడు సరేనన్నాడు. ప్రదర్శన దగ్గరపడేసరికి చప్పుడు చేయకుండా తన స్వరాలే తిరిగి పెట్టేసుకున్నాడు! రేషన్ ఇప్పించిన గురువు మాటే అయినా సరే, ట్రంపెట్ జోలికొస్తే ఒప్పుకోలేదన్నమాట!

1926 మే 12. లెనిన్‌గ్రాడ్ ఫిల్హార్మోనిక్, కండక్టర్ నికొలాయ్ మాల్కో. రెండో భాగం అయ్యేసరికి జనం మళ్ళీ వాయించమని పట్టుబట్టారు! మన పద్యనాటకాల్లో వన్స్‌మోర్ కొడతారే, అచ్చం అదే! మళ్ళీ వాయించారు! చివర్లో ఇది రాసింది ఎవరయ్యా అంటే వేదిక మీదికి ఈ పీలగా ఉన్న పిల్లాడు వచ్చి వంగి దండం పెట్టాడు. ఆ మే 12ని వాడు బతికినంతకాలం పండగలా జరుపుకున్నాడు. ఆ తర్వాత బెర్లిన్‌లో బ్రూనో వాల్టర్ వాయింపించాడు, 1928లో అమెరికాలో ఫిలడెల్ఫియాలో స్టొకోవ్‌స్కీ. పరీక్ష పేపరు సముద్రాలు దాటేసింది!

ఇక ఎనిమిదిమందిది. సింఫనీ రాస్తున్న రోజుల్లోనే తీగవాద్యాల కోసం రెండు ముక్కలు రాశాడు. మొదటిది చిన్న వయసులో పోయిన స్నేహితుడి జ్ఞాపకంగా. మెల్లగా, బరువుగా. రెండోది ఉంది చూశారూ, నాలుగైదు నిమిషాల ఉప్పెన! కమాన్లు తీగల్ని మీటడం కాదు, కొరుకుతాయి! రాత్రి పూట హెడ్‌ఫోన్స్‌తో వినకండి, నిద్ర పట్టదు. నాకు పట్టలేదు.

మీరూ వినండి! ముందు సింఫనీ రెండో భాగం ఒక్కటి వినండి, అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఆ మూడు దెబ్బలు తగిలాక మిగతాది మీరే వెతుక్కుంటారు. నాకు బాగా పట్టింది 1988లో లెనర్డ్ బెర్న్‌స్టీన్ షికాగో సింఫనీతో చేసిన రికార్డింగు. రాగాలు తెలియక్కర్లేదు, వాద్యాల పేర్లు తెలియక్కర్లేదు. నాకేం తెలుసని! వీలైతే కళ్ళతోనూ చూడండి, కచేరీ వీడియోలున్నాయి. ఆ ధన్ దగ్గర పియానో ఆయన భుజాలు చూడండి, టింపనీ ఆయన అంతసేపూ తన వంతు కోసం ఎలా కాచుకుని ఉంటాడో చూడండి! పక్కన పిల్లలుంటే వాళ్ళకీ వినిపించండి. "ఈ అన్నయ్య పరీక్షకి రాశాడురా" అని చెప్పండి, వాళ్ళ మొహాలు చూడాలి మీరు!

ఇంకో మాట చెప్పి వెళ్ళిపోతా. ఇలాంటి విద్యార్థులు ఇంకా ఉన్నారట! జార్జ్ బిజే అనే ఫ్రెంచి కుర్రాడు 1855లో, పారిస్ కళాశాలలో చదువుకుంటూ, పదిహేడేళ్ళకు ఒక సింఫనీ రాసి అటక మీద పడేశాడట. 1935 దాకా ఎవరూ వాయించనే లేదట! ఎనభై ఏళ్ళు! మెండెల్సన్ అని ఇంకొకడు, పదహారేళ్ళకే ఎనిమిది తీగవాద్యాలకు రాశాడట, అది ఆనందంతో ఎగిరెగిరి పడుతుందట! ఇవేవీ నేనింకా వినలేదు. బిజేది ఇదిగో, ఇప్పుడే పెడుతున్నా!