పోపుల డబ్బాకు ఆనించిన ఫోన్

గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో ఫోన్ ఏం మార్చిందో చూద్దామని ఎం.ఫిల్. కోసం జగిత్యాల వైపు ఊళ్లు తిరిగాను. నా మొదటి ప్రశ్న: "రోజూ ఎంతసేపు మాట్లాడుకుంటారు?" ఎక్కువసేపు మాట్లాడేవాళ్లు ఎక్కువ దగ్గరగా ఉన్నట్టేనని ముందే తీర్మానించేసుకున్నాను. జవాబులూ అలాగే వచ్చాయి. ఒకప్పుడు బూత్‌లో మీటరు చూసుకుంటూ గబగబా చెప్పుకున్న నాలుగు ముక్కలే మాటలు. ఇప్పుడు దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవకపోయినా బోటిమ్ యాప్ ఉంది.

ఒకావిడ వీడియోకాల్ పెట్టి, ఫోన్‌ను పోపుల డబ్బాకు ఆనించి వంట చేసుకునేది. అవతల భర్త. ముచ్చటపడి నా అధ్యాయానికి దాన్నే మకుటం చేశాను.

మరోసారి వెళ్లేసరికి ఆవిడ అత్త పొలానికి పోయింది. "ముచ్చటేముంటది మేడం రోజూ? బంద్ చేస్తే ఏడికి పోయినవంటడు. అందుకే అట్లనే ఉంచుత" అందావిడ. అత్త పక్కన కూర్చుంటే కోడలు ఏం చెబుతుందో, నేనూ ఒక కోడలినై ఉండి ఆలోచించలేదు.

వెంటనే ఇంకో తప్పు చేశాను. అధ్యాయాన్ని తిరగేసి, ఆ భర్తను కాపలాదారును చేసి రాసేశాను. అతన్ని మాత్రం అడగలేదు. అప్పటికే మడియానూ, మిల్లర్ అనే పరిశోధకులు 2012లో తెచ్చిన 'మైగ్రేషన్ అండ్ న్యూ మీడియా' పుస్తకం నా బల్ల మీదే ఉంది. బ్రిటన్‌లో పనిచేసే ఫిలిప్పీన్స్ తల్లులనూ, స్వదేశంలో ఉన్న పిల్లలనూ అడిగారు వాళ్లు. ఫోన్ వల్ల మళ్లీ తల్లులమయ్యామని తల్లులంటే, పిల్లల్లో చాలామందికి అలా అనిపించలేదు. అందులోంచి నేను ఒక్క నిర్వచనం ఎత్తి రాసుకుని పక్కన పెట్టేశాను.

చివరికి ఆ భర్తకు బోటిమ్‌లో కాల్ చేశాను. "అనుమానం అసలే లేదనను మేడం. గానీ రూంల ఇందరం ఉంటం, ఎవ్వని లోకం వానిదే. పిల్లగాండ్ల లొల్లి ఇనవడుతుంటే నిద్ర వడ్తది. ఆమెకు గూడ మంచిగనే ఉంటది, కాదా?"

ఆవిడ నాతో ఒంటరిగా చెప్పిన మాట అతనికెలా చేరవేస్తాను? నెట్ పోయినట్టు "హలో, హలో" అని కట్ చేశాను. సిగ్గుపడాల్సిన పనే.

రెండువైపులా రాస్తే అధ్యాయం తేలడం లేదని గైడు విసుక్కున్నారు. నిమిషాల పట్టికైనా ఉంచమన్నారు. ఉంచాను. 'మాట్లాడుకున్న సమయం' అన్న శీర్షిక కొట్టేసి 'కాల్ ఆన్‌లో ఉన్న సమయం' అని పెట్టాను.